సున్నపురాయి ఏ వేడికి విడిపోతుంది? కొలిచే పద్ధతుల్లో ఏది ఎప్పుడు పనికొస్తుంది

పోయిన ఏప్రిల్‌లో ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేస్తున్న కుర్రాడొకడు మూడు గ్రాఫులు తెచ్చి నా బల్లమీద పరిచాడు. మూడూ ఒకే సీసాలోంచి తీసిన కాల్షియం కార్బనేట్ పొడివి. మూత లేని గిన్నెలో వేసి, నైట్రోజన్ పారిస్తూ, నిమిషానికి 10 డిగ్రీల చొప్పున వేడిచేస్తే 690 దగ్గర బరువు తగ్గడం మొదలైంది. అదే పొడి, అదే నైట్రోజన్, గిన్నెకి సూది చిల్లున్న మూత పెడితే 780కి జరిగింది. నైట్రోజన్ తీసేసి కార్బన్ డయాక్సైడ్ పారిస్తే 920.

"వీటిలో ఏది కరెక్టునా?" అన్నాడు.

"మూడూ కరెక్టే. నీకు కావాల్సిన నెంబరు మాత్రం మూడిట్లోనూ లేదు" అన్నాను. పాపం, రెండు వారాలు మిషన్ కోసం క్యూలో నిలబడి తెచ్చుకున్నవి. మొహం చిన్నబోయింది.

తిరుపతిలో ఇప్పుడు ఈ పని చేసే పిల్లలు ఎక్కువయ్యారు. వర్సిటీ సరే, ఏర్పేడు వైపు ఐఐటీ, ఐసర్ 2015లో వచ్చాక బ్యాటరీలు, ఆక్సైడ్లు, కార్బన్ పట్టుకునే పదార్థాలు అంటూ తలా ఒక ప్రాజెక్టు. అందరికీ ఎక్కడో ఒకచోట ఘనపదార్థానికీ వాయువుకీ మధ్య సమతాస్థితి కొలవాల్సిన అవసరం వస్తుంది. అప్పుడు చేతికి దగ్గరగా ఉండేది టీజీఏ, అంటే వేడిచేస్తూ బరువు ఎలా మారుతోందో గీసే మిషన్. అందులో పెట్టేసి గ్రాఫు తీసేసి, ఆన్‌సెట్ (బరువు తగ్గడం మొదలయ్యే చోటు) దగ్గర గీత గీసి "ఇదే సమతాస్థితి ఉష్ణోగ్రత" అని రాసేస్తారు. గొడవంతా అక్కడే. మిషన్ కొలిచేది బరువు, వేడి మాత్రమే. సమతాస్థితిని మనమే తెచ్చి నిలబెట్టాలి.

ముందు కొలిచేది ఏమిటో చూద్దాం

తాంబూలంలో రాసుకునే సున్నం కథే ఇది. సున్నపురాయిని బట్టీలో కాలిస్తే కార్బన్ డయాక్సైడ్ పోయి రాతిసున్నం మిగులుతుంది. చుట్టూ ఆ వాయువు తగినంత ఉంటే సున్నం దాన్ని పట్టుకుని మళ్ళీ రాయి అయిపోతుంది. రెండు దారులూ తెరిచే ఉంటాయి. ఒక ఉష్ణోగ్రత దగ్గర రెండు దారుల్లో రాకపోకలు సరిసమానం కావాలంటే పైన ఎంత వాయు పీడనం ఉండాలి అన్నదే మన ప్రశ్న.

గిబ్స్ ఫేజ్ రూల్ చదివినవాళ్ళకి గుర్తుంటుంది: రెండు ఘనాలు, ఒక వాయువు, రెండు కాంపోనెంట్లు కాబట్టి స్వేచ్ఛ ఒక్కటే. ఉష్ణోగ్రత మీరు ఎంచుకుంటే పీడనం దానంతటదే నిర్ణయమైపోతుంది. గిన్నెలో రాయి ఎంతుంది, సున్నం ఎంతుంది అన్నదానితో పనిలేదు. ఫ్రాన్స్‌లో దెబ్రే అనే రసాయన శాస్త్రవేత్త ఈ సంగతిని ఇదే సున్నపురాయితో 1867లోనే చూపించాడు. గిబ్స్ సూత్రం ఆ తర్వాత వచ్చింది.

అంకెలు ఇలా ఉంటాయి. 600 డిగ్రీల దగ్గర పీడనం 0.004 అట్మాస్ఫియర్ కూడా ఉండదు. 700 దగ్గర 0.035, 800 దగ్గర 0.22, 900 దగ్గర సుమారు 1. మూడు వందల డిగ్రీల్లో దాదాపు రెండు వందల యాభై రెట్లు. కాబట్టి "సున్నపురాయి ఏ ఉష్ణోగ్రతకి విడిపోతుంది" అన్న ప్రశ్నకి "ఎంత కార్బన్ డయాక్సైడ్ కింద?" అని ఎదురు ప్రశ్న వేయకుండా జవాబు లేదు.

ఇంకోలా చెప్తాను. తిరుపతి సముద్రమట్టానికి 160 మీటర్ల ఎత్తు, తిరుమల సుమారు 850. కొండమీద గాలి పీడనం 0.90 అట్మాస్ఫియర్ చొప్పున ఉంటుంది, కింద 0.98. నీళ్ళు పైన కొంచెం ముందే మరుగుతాయని అందరికీ తెలుసు. సున్నపురాయీ అంతే. స్వచ్ఛమైన కార్బన్ డయాక్సైడ్ పారిస్తూ ఇదే ప్రయోగం కొండమీద చేస్తే, లెక్క ప్రకారం, కిందకంటే 6 డిగ్రీలు తక్కువలో విడిపోవాలి. ల్యాబ్‌లో బారోమీటర్ చూసి పీడనం రాసుకోమని నేను పోరేది ఇందుకే. "1 అట్మాస్ఫియర్" అని కళ్ళు మూసుకుని రాస్తే ఒకటి రెండు డిగ్రీలు అక్కడే పోతాయి.

మామూలు టీజీఏ: తొలిచూపుకి మాత్రమే

నైట్రోజన్, మూత లేని గిన్నె, నిమిషానికి 10 డిగ్రీలు. దీన్ని తీసిపారేయమని నేను అనను. కొత్త పదార్థం చేతికొస్తే మొదట చేయాల్సింది ఇదే. ఎన్ని మెట్లలో బరువు పోతోంది, ఒక్కో మెట్టులో ఎంత శాతం అన్నది దీంట్లో చక్కగా తెలుస్తుంది. స్వచ్ఛమైన కాల్షియం కార్బనేట్ అయితే 44 శాతం పోవాలి. 41 పోయిందంటే పొడిలో ఇంకేదో ఉన్నట్టే.

కానీ ఆన్‌సెట్ ఉష్ణోగ్రత పదార్థం స్వభావం కాదు. అది మీ గిన్నె లోతు, పొడి సన్నదనం, గ్యాస్ వేగం, వేడి పెంచే వేగం అన్నీ కలిసి వండిన కూర. నైట్రోజన్ వచ్చిన వాయువుని వచ్చినట్టే ఊడ్చేస్తుంది కాబట్టి సమతాస్థితి అన్నదే ఏర్పడదు. పైగా విడిపోవడానికి వేడి కావాలి, మోలుకి దాదాపు 170 కిలోజౌళ్ళు. పొడి ఎక్కువగా వేస్తే అది ఫర్నేస్‌కంటే చల్లగా ఉండిపోతుంది. తెరమీద కనిపించే ఉష్ణోగ్రత థర్మోకపుల్‌ది, పొడిది కాదు.

ఒక్క పరీక్షతో ఇది తేలిపోతుంది. అదే పొడిని 5 మిల్లీగ్రాములతో ఒకసారి, 30తో ఒకసారి, నిమిషానికి 2 డిగ్రీలతో ఒకసారి, 20తో ఒకసారి తీయండి. నాలుగు ఆన్‌సెట్లు నాలుగు దిక్కులకి పోతే ఆ సంఖ్యని సమతాస్థితి పేరుతో ఎక్కడా రాయొద్దు.

వాయువు కలిపి, రెండు వైపుల నుంచీ రావడం

ఘన-వాయు సమతాస్థితికి టీజీఏతోనే చేయగలిగిన పద్ధతుల్లో నా ఓటు దీనికే. కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి, ఆక్సిజన్ లాంటి వాయువులు, 0.01 నుంచి 1 అట్మాస్ఫియర్ దాకా ఉండే పీడనాలు అయితే ఇంకో ఆలోచన అక్కర్లేదు.

గ్యాస్ ఎంత పారాలో అదుపుచేసే మాస్ ఫ్లో కంట్రోలర్లు రెండు కావాలి. ఒకటి నైట్రోజన్‌కి, ఒకటి కార్బన్ డయాక్సైడ్‌కి. ఉదాహరణకి 80, 20 నిష్పత్తిలో కలిపితే చుట్టూ ఉన్న కార్బన్ డయాక్సైడ్ పాక్షిక పీడనం (మొత్తం పీడనంలో దాని వాటా) 0.2 అట్మాస్ఫియర్. ఇక దాన్ని కదపకూడదు. కదిపేది ఉష్ణోగ్రతని మాత్రమే.

మొదట గిన్నెలోని రాయిలో సగం దాకా విడిపోయేలా వేడిచేయాలి. ఇప్పుడు లోపల రాయీ ఉంది, సున్నమూ ఉంది. చాలామంది మర్చిపోయే కిటుకు ఇదే. రెండు ఘనాలూ ఉంటేనే త్రాసు ఏ వైపుకైనా మొగ్గగలదు. తర్వాత ఉష్ణోగ్రతని ఒకచోట నిలిపి బరువు చూడాలి. తగ్గుతోందంటే సమతాస్థితికి పైన ఉన్నాం. పెరుగుతోందంటే కింద ఉన్నాం. 5 డిగ్రీల మెట్లలో కిందికీ పైకీ జరుపుతూ బరువు దిశ ఎక్కడ తిరగబడుతుందో పట్టుకోవాలి.

ఆ కుర్రాడితో నాలుగోసారి ఇదే చేయించాను. 0.2 అట్మాస్ఫియర్‌కి లెక్క 795 చుట్టూ చూపిస్తుంది. ముందుగా ఆ మాట వాడికి చెప్పలేదు. 820 దగ్గర బరువు గీత నిటారుగా దిగింది. 810 దగ్గర వాలు తగ్గింది. 800 దగ్గర కళ్ళు చికిలించి చూస్తే గానీ తెలియనంత. 790కి తెచ్చి అరగంట ఆగితే గీత పైకి లేవడం మొదలైంది. "బరువు పెరుగుతోందినా! ఖాళీ గిన్నెలోకి గాలి వచ్చి కూర్చున్నట్టుంది" అన్నాడు. సున్నం వాయువుని పట్టుకుంటుందని వాడు ఇంటర్ నుంచీ చదువుతూనే ఉన్నాడు. త్రాసుమీద చూడడం అదే మొదటిసారి.

ఇక్కడ ఒక చిక్కుంది. సమతాస్థితికి దగ్గరయ్యే కొద్దీ రెండు దిశల్లోనూ వేగం సున్నాకి దిగుతుంది. అందుకని 793 నుంచి 799 దాకా గీత చదునుగా ఉన్నట్టే కనిపిస్తుంది. ఆ చదునైన చోట ఏదో ఒక అంకె ఎంచుకోవడం జూదం. దానికి బదులు ఒక్కో ఉష్ణోగ్రత దగ్గర బరువు మారే వేగాన్ని తీసి, ఉష్ణోగ్రతకి ఎదురుగా గీసి, గీత సున్నాని ఎక్కడ దాటిందో చూడండి. పై నుంచి వచ్చిన బిందువులూ కింది నుంచి వచ్చినవీ ఒకేచోట దాటితే ఆ అంకెమీద సంతకం పెట్టొచ్చు. దాటకపోతే ఆ తేడానే మీ అనిశ్చితి. దాచకుండా రాయండి.

కార్బన్ డయాక్సైడ్ 5 శాతానికి 718, 20కి 795, 50కి 853 చుట్టుపక్కల వస్తే సరైన దారిలో ఉన్నట్టు. ఈ మూడు నాలుగు బిందువులతో పీడనం లాగరిథమ్‌ని ఉష్ణోగ్రత విలోమానికి ఎదురుగా గీస్తే తిన్నని గీత వస్తుంది. దాని వాలులోంచి ఎంథాల్పీ, అంటే విడిపోవడానికి పట్టే వేడి, తీయొచ్చు. ఉష్ణోగ్రతని కెల్విన్‌లోకి మార్చడం మర్చిపోయి వారం రోజులు తల పట్టుకున్నవాళ్ళని చూశాను. నేనూ అందులో ఒకణ్ణే.

సున్నంతో ఇంకో పేచీ. పైకీ కిందికీ తిప్పే కొద్దీ సున్నం రేణువులు ఒకదానికొకటి అతుక్కుని మొద్దుబారతాయి. ఐదారు తిప్పుల తర్వాత వాయువుని పట్టుకునే ఓపిక తగ్గిపోతుంది. అప్పుడు "బరువు పెరగట్లేదు కాబట్టి ఇంకా సమతాస్థితికి పైనే ఉన్నాం" అనుకుంటే తప్పులో కాలేసినట్టే. మూడు తిప్పులకి మించి ఒకే పొడిని వాడకపోవడం మేలు.

వాయువు నీటి ఆవిరి అయితే బబ్లర్‌లోంచి (నీళ్ళలోంచి బుడగలుగా గ్యాస్ పోయే సీసా) నైట్రోజన్ పంపించి తడిపి వాడతారు. మన ఊళ్ళో జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. 25 డిగ్రీల నీళ్ళమీద ఆవిరి పీడనం 23.8 మిల్లీమీటర్ల పాదరసం. 35 డిగ్రీలైతే 42.2. మే నెలలో పొద్దున ఏసీ వేసిన గదిలో మొదలుపెట్టి, మధ్యాహ్నం కరెంటు పోయి గది వేడెక్కితే మీ పాక్షిక పీడనం చెప్పాపెట్టకుండా మారిపోతుంది. బబ్లర్‌ని వాటర్ బాత్‌లో ఉంచి తీరాలి. బాత్ ఉష్ణోగ్రత గదికంటే ఎక్కువైతే అక్కణ్ణించి ఫర్నేస్ దాకా గొట్టానికి హీటింగ్ టేపు చుట్టాలి, లేకపోతే ఆవిరి దారిలోనే చెమట పట్టి బొట్లు బొట్లుగా నిలిచిపోతుంది.

డీటీఏ, డీఎస్‌సీ, సూది చిల్లు మూత

డీటీఏ, డీఎస్‌సీ అంటే పొడి పీల్చుకునే, వదిలే వేడిని చూపించే మిషన్లు. త్వరగా కావాలి, ఒక్క పీడనం దగ్గర ఒక్క బిందువు చాలు అంటే వీటిలో సూది చిల్లు మూత పెట్టి తీయడం పర్వాలేదు. మూతకున్న సన్నటి చిల్లు వల్ల విడిపోయిన వాయువు లోపలే నిండి, తనకు తనే 1 అట్మాస్ఫియర్ వాతావరణం కల్పించుకుంటుంది. వేడి పీల్చుకునే శిఖరం పదునుగా లేస్తుంది. బయటి పీడనాన్ని మార్చగలిగే మిషన్ ఉంటే ఒక్కో పీడనానికి ఒక్కో ఆన్‌సెట్ తీసి గీత కట్టొచ్చు. ఏఎస్‌టీఎం ఇ1782 అనే ప్రామాణిక పద్ధతి థర్మల్ అనాలిసిస్‌తో ఆవిరి పీడనం కొలవడానికి ఉన్నదే.

నా అనుమానమల్లా చిల్లు మీద. పెద్దదైతే వాయువు జారిపోయి ఉష్ణోగ్రత తక్కువ చూపిస్తుంది. మరీ సన్నదైతే లోపల ఒత్తిడి బయటికంటే పెరిగి ఎక్కువ చూపిస్తుంది. మొదట చెప్పిన 780 చూడండి, అది ఏ పీడనానికీ చెందని నెంబరు. చిల్లు పెద్దదై సగం నిండి సగం ఖాళీ అయిన గిన్నె కథ అది. ద్రవాలు మరగడానికీ, లవణాల్లోని నీళ్ళు పోవడానికీ ఈ పద్ధతి బాగుంటుంది. 900 డిగ్రీల సున్నపురాయికి నేను వాడను.

ఒక్కచోట మాత్రం డీటీఏకి దండం పెడతాను. కడప జిల్లా వేంపల్లె వైపు నుంచి వచ్చే డోలమైట్ లాంటి రాళ్ళలో మెగ్నీషియం భాగం, కాల్షియం భాగం రెండూ కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి. నైట్రోజన్‌లో తీస్తే రెండూ కలిసిపోయి ఒకే దిబ్బలా కనిపిస్తాయి. కార్బన్ డయాక్సైడ్‌లో తీస్తే కాల్షియం భాగం 900 దాటి వెనక్కి పోతుంది, మెగ్నీషియం భాగం ముందే ఉండిపోతుంది, రెండు శిఖరాలు విడివిడిగా నిలబడతాయి. వాయువు మార్చితే గ్రాఫు ఎలా మారుతుందో పిల్లలకి చూపించాలంటే ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఆక్సిజన్ సంగతి వేరు

ఆక్సైడ్లు చేసేవాళ్ళు ఈ భాగం నింపాదిగా చదవండి. ఇక్కడ వాయువు మారింది కదా, పద్ధతి అదే అనుకుంటే పొరపాటు.

సీరియా (సీరియం ఆక్సైడు) లాంటి ఆక్సైడు వేడెక్కి ఆక్సిజన్ వదిలితే కొత్త ఘనం ఏర్పడదు. అదే ఘనంలో ఆక్సిజన్ కొద్ది కొద్దిగా తగ్గుతూ పోతుంది. కాబట్టి బరువు తిరగబడే చోటు వెతకడం కాదు, ప్రతి పాక్షిక పీడనం దగ్గరా బరువు ఎక్కడ స్థిరపడిందో చూడాలి. ఆ మార్పు ఎంత చిన్నదో లెక్కేసుకోండి. సీరియాలో ప్రతి నూరు ఫార్ములాలకి ఒక ఆక్సిజన్ పోతే బరువు తగ్గేది 0.093 శాతం. 10 మిల్లీగ్రాముల పొడిలో అది 9 మైక్రోగ్రాములు. వేడి వల్ల త్రాసు బేస్‌లైన్ జరిగేదే అంతకు పదింతలు ఉంటుంది. సున్నపురాయికి 10 మిల్లీగ్రాములు చాలు అన్న అలవాటుతో సీరియాకి దిగితే సొంత నీడని కొలుస్తున్నట్టే. 200 మిల్లీగ్రాములకి తగ్గకుండా వేయాలి.

బేస్‌లైన్ ఎందుకు జరుగుతుందంటే, గిన్నె తన ఘనపరిమాణమంత గ్యాస్‌ని తోసి తేలుతూ ఉంటుంది. గ్యాస్ వేడెక్కి పల్చబడితే ఆ తేలింపు పోతుంది, గిన్నె బరువెక్కినట్టు కనిపిస్తుంది. ఘనసెంటీమీటరులో పదో వంతు ఉన్న గిన్నె, పట్టీ కలిపి కార్బన్ డయాక్సైడ్‌లో 1000 డిగ్రీలకి వెళ్తే 0.1 మిల్లీగ్రాముకి పైగా పెరిగినట్టు చూపిస్తాయి. ఏమీ వేయకుండానే! అందుకే అదే గిన్నె, అదే గ్యాస్, అదే వేగంతో ఖాళీ రన్ తీసి అసలు దాంట్లోంచి తీసేయాలి. నైట్రోజన్‌లో తీసిన ఖాళీ రన్‌ని కార్బన్ డయాక్సైడ్ రన్‌లోంచి తీసేసే మహానుభావులు ఉన్నారు. దాని వల్ల తప్పు కొంత తగ్గుతుందే తప్ప పూర్తిగా పోదు.

గాలి, ఆక్సిజన్, నైట్రోజన్ కలిపి 1 నుంచి వెయ్యో వంతు అట్మాస్ఫియర్ దాకా సులువుగా వెళ్ళొచ్చు. అంతకంటే కిందికి సిలిండర్‌లోని నైట్రోజన్‌లో ఉండే మలిన ఆక్సిజనే మిమ్మల్ని ఆడిస్తుంది. అక్కడ కార్బన్ మోనాక్సైడ్, డయాక్సైడ్ మిశ్రమం గానీ, హైడ్రోజన్, నీటి ఆవిరి మిశ్రమం గానీ వాడి ఆక్సిజన్‌ని ఒక స్థాయిలో కట్టేయాలి. కార్బన్ మోనాక్సైడ్ అంటే గాలి బయటికి లాగే ఏర్పాటు, అలారం రెండూ ఉంటే తప్ప ముట్టొద్దు. వాసన రాదు, రంగు లేదు. మా దగ్గర హైడ్రోజన్, ఆవిరి దారే పట్టాం.

బరువు సంగతి వదిలేసి ఆక్సిజన్ పీడనం మాత్రమే కావాలంటే టీజీఏ అక్కర్లేదు. యిట్రియా కలిపిన జిర్కోనియా గొట్టం, రెండు వైపులా ప్లాటినం తీగలు, ఒక మంచి వోల్టుమీటర్ చాలు. గొట్టానికి రెండు వైపులా ఆక్సిజన్ పీడనంలో ఉన్న తేడా వోల్టుగా కనిపిస్తుంది. కియుక్కోలా, వాగ్నర్ 1957లో చూపించిన దారి ఇది. ఒక వైపు గాలి, రెండో వైపు నికెల్, నికెల్ ఆక్సైడ్ కలిపిన పొడి పెడితే 1000 డిగ్రీల దగ్గర దాదాపు 0.6 వోల్టు వస్తుంది. ఆ పొడిమీద ఉన్న ఆక్సిజన్ పీడనం అట్మాస్ఫియర్‌లో పదివేల కోట్ల వంతుల్లో ఐదు వంతుల చొప్పున. అంత చిన్న పీడనాన్ని ఏ త్రాసు కొలుస్తుంది చెప్పండి. లోహం, దాని ఆక్సైడు జత అయితే కళ్ళు మూసుకుని ఈ దారిలో వెళ్ళండి. సీరియా లాంటివాటికి రెండూ కావాలి. వోల్టు పీడనం చెప్తుంది, త్రాసు ఆక్సిజన్ ఎంత పోయిందో చెప్తుంది.

ఆవిరైపోయే ఘనాలు

ఘనమే ఆవిరిగా ఎగిరే పదార్థాలకి, పీడనం పాస్కల్ నుంచి వెయ్యి పాస్కళ్ళ మధ్య ఉంటే, ట్రాన్స్‌పిరేషన్ పద్ధతి టీజీఏలోనే కుదురుతుంది. వాహక వాయువు పొడిమీదుగా పోతూ ఆవిరిని మోసుకెళ్తుంది. తగ్గిన బరువుని మోలుల్లోకి మార్చి, వెళ్ళిన వాయువు మోలులతో పోల్చితే పీడనం వస్తుంది. గ్యాస్ మరీ నెమ్మదిగా పోతే ఆవిరి దానంతట అదే వ్యాపించి లెక్క ఎక్కువ చూపిస్తుంది, మరీ వేగంగా పోతే వాయువు నిండకుండానే వెళ్ళిపోయి తక్కువ చూపిస్తుంది. మధ్యలో ఎక్కడో గ్యాస్ వేగం మార్చినా పీడనం మారని చదును ఉంటుంది, ముందు దాన్ని పట్టుకోవాలి. ఆ చదును చూపించని ట్రాన్స్‌పిరేషన్ డేటాని నేను నమ్మను.

ఇంకొకటి. ఆవిరిలో ఏ అణువు ఉందో తెలియకపోతే ఈ లెక్క సాగదు. మాలిబ్డినం ట్రైఆక్సైడు ఆవిరిలో ఒంటరిగా ఉండదు, మూడేసి, నాలుగేసి, ఐదేసి కలిసి గుంపులుగా ఎగురుతుంది. ఒక్కటే అనుకుని లెక్క కడితే పీడనం మూడింతలకి పైగా ఎక్కువ వస్తుంది.

పాస్కల్‌కంటే కిందికి పోతే నుడ్సెన్ ఎఫ్యూజన్ (సన్నటి చిల్లులోంచి వాక్యూమ్‌లోకి ఆవిరి ఎంత వేగంగా జారుతుందో కొలవడం) తప్ప గతి లేదు. మంచి వాక్యూమ్, పక్కనే మాస్ స్పెక్ట్రోమీటర్ ఉన్నచోటికి వెళ్ళడమే మేలు. ఇక్కడ డిఫ్యూజన్ పంపు పెట్టుకుని, కరెంటు పోయినప్పుడల్లా ఆయిల్ వెనక్కి రాకుండా వాల్వు మూయడానికి పరుగెత్తడం నేను ఏడాది చేశాను. వద్దులెండి.

చేతిలో ఏమీ లేకపోతే

ఒక ట్యూబ్ ఫర్నేస్, ఒక చివర మూసిన సిలికా గొట్టం, ఒక పీడన గేజీ, రోటరీ పంపు ఉంటే దెబ్రే చేసిందే మళ్ళీ చేయొచ్చు. పొడిని అల్యూమినా పడవలో పెట్టి గొట్టంలోకి తోసి, గాలి లాగేసి, మూసి, వేడిచేసి గేజీ చదవడమే. సున్నాన్ని నేరుగా సిలికా మీద పోయొద్దు, వేడికి రెండూ కలిసి గొట్టం పాడవుతుంది. కార్బన్ డయాక్సైడ్‌కి 700 నుంచి 880 మధ్య ఈ పద్ధతి ఖరీదైన టీజీఏకంటే మంచి అంకెలిస్తుందంటే చాలామంది నమ్మరు. ఇక్కడ వాయువుని ఊడ్చేవాళ్ళు లేరు, సమతాస్థితి దానంతట అదే వచ్చి నిలబడుతుంది. శత్రువు ఒక్కటే, లీకు. రాత్రంతా చల్లగా వదిలేసి పొద్దున గేజీ కదిలిందేమో చూసుకోండి. కదిలితే గ్రీజు, జాయింట్లు అన్నీ మళ్ళీ మొదటి నుంచి.

బయటికి పంపించేటప్పుడు

మిషన్ లేక శాంపిల్‌ని బయట డబ్బులు కట్టి చేయించేవాళ్ళు ఎక్కువ కాబట్టి ఇది కూడా చెప్పాలి. ఫారంలో గ్యాస్ అన్న గడి ఉంటుంది. ఒకసారి నేను అందులో కార్బన్ డయాక్సైడ్ అని రాసి పంపితే, వాళ్ళు నైట్రోజన్‌లోనే తీసి పంపారు. గ్రాఫు 690 చూపించినప్పుడే అనుమానం వచ్చింది. ఫోన్ చేస్తే "ఆ సిలిండర్ అయిపోయింది సార్, గ్యాస్ ఏదైతే ఏముందిలే అనుకున్నాం" అన్నారు. డబ్బులు వెనక్కి రాలేదు. అప్పటి నుంచి పంపించే ముందు ఫోన్ చేసి నాలుగు అడుగుతాను: ఆ గ్యాస్ ఇప్పుడు ఉందా, రెండు గ్యాసులు కలపగలరా, ఒక ఉష్ణోగ్రత దగ్గర గంట నిలపగలరా, ఖాళీ రన్ ఫైలు కూడా ఇస్తారా. నాలుగింట్లో రెండు కుదరవంటే పంపను.

ఉష్ణోగ్రత క్యాలిబ్రేషన్ ఎప్పుడు చేశారో కూడా అడగండి. 700, 900 మధ్య పనికి అల్యూమినియం 660.3 దగ్గర, వెండి 961.8 దగ్గర కరిగేది చూసి సరిచేసుకోవాలి. వెండిని గాలిలో కరిగిస్తే ఆక్సిజన్‌ని పీల్చుకుని పది డిగ్రీలు ముందే కరుగుతుంది, కాబట్టి నైట్రోజన్‌లోనే. రెండింటినీ అల్యూమినా గిన్నెలోనే కరిగించాలి. ప్లాటినం గిన్నెలో వేస్తే అందులో కలిసిపోయి గిన్నెకి చిల్లు పడుతుంది. ఆ గిన్నె ధర విన్నాక మా కుర్రాడు ఇప్పటికీ క్రూసిబుల్ డబ్బా ముట్టుకునే ముందు నన్ను అడిగి గానీ ముట్టడు.

వాడి ప్రాజెక్టు చివరికి నాలుగు బిందువులతో ముగిసింది. 5, 10, 20, 50 శాతాలు. గీత తిన్నగానే వచ్చింది. 10 శాతం బిందువు మాత్రం 4 డిగ్రీలు పక్కకి ఉంది. ఆ రోజు సిలిండర్ అడుగంటి ఫ్లో తగ్గిందని లాగ్‌బుక్‌లో వాడే రాసుకున్నాడు. తీసేద్దామా అని అడిగితే ఉంచమన్నాను, పక్కన ఆ కారణం కూడా రాసి.